మీ సమాధానం వినిపించలేదు

పని చేస్తే నిఖితకి అలుపు రాదు. ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి దండెం మీద ఆరేసినా, మామ్మ కాళ్ళకి కొబ్బరినూనె రాసి పట్టినా, కాలవగట్టు పొడుగునా ఎదురుగాలికి సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళినా ఆ పిల్ల మొహాన చెమట కనిపించేది గాని అలసట కనిపించేది కాదు. అదే ఎవరైనా దారిలో ఆపి, "ఏమ్మా, ఎన్నో క్లాసు?" అని అడిగారనుకోండి, "తొమ్మిదండి" అనే ఆ ఒక్క ముక్క గొంతులోంచి బయటికి తెచ్చేసరికి వరికుప్ప నూర్చి వచ్చినట్టు ఒళ్ళంతా వాలిపోయేది. ఆ తరవాత కాసేపు ఎవరూ పలకరించని చోటు చూసుకుని కూర్చోవాలనిపించేది.

అలాంటి పిల్ల పుట్టింది ఎవరికంటే, ఇశ్రాయేలుకి. ఆయన రాజోలు డిపోలో కండక్టరు. "తాటిపాక, మామిడికుదురు, పాశర్లపూడి, అమలాపురం" అని ఒక్క కేక వేస్తే బస్సు కాంప్లెక్సు అవతల టీ కొట్లో ఉన్నవాళ్ళు కూడా గ్లాసు సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చేవారు. ఆదివారం చర్చిలో మైకు మొరాయిస్తే ప్రకటనలు చదవడానికి పాస్టరుగారు ఆయన్నే లేపేవారు. నలుగురిలో గట్టిగా మాట్లాడటం ఆయన దృష్టిలో వట్టి గొంతు సంగతి కాదు.

"మా అమ్మా నాన్నా కామందుగారి అరుగు కింద చేతులు కట్టుకుని ఆయ్, ఆయ్ అంటానే బతికేరు," అనేవాడు అన్నం కలుపుకుంటూ. "నేను నాలుగు ముక్కలు చదివి టిక్కెట్ల మిషను పట్టుకున్నాను. నువ్వు మైకు పట్టుకోవాలమ్మలూ. తల దించుకుని మాట్లాడే రోజులు అయిపోయినాయి. తెలిసిందా?"

"ఆయ్," అనేది నిఖిత తల దించుకునే.

మంచం మీంచి మేరీ మామ్మ నవ్వేది. "మరి పొద్దున్న నువ్వు ఫోనులో డిపో మేనేజరుగారితో ఏవన్నావురా? ఆయ్ అండి, ఆయ్ అండి అనలేదూ?"

"అది వేరమ్మా."

"ఏం వేరో."

పెద్దవాళ్ళు ఏదైనా అంటే ఆయ్ అనడం ఆ సీమలో ఊపిరి తీసుకోవడం లాంటిది. అవును, అలాగే, విన్నాను, వస్తున్నాను, అన్నీ అందులోనే ఉంటాయి. నిఖితకి మిగతా మాటలన్నీ ముందు కడుపులో తయారై, గుండె దగ్గర కాసేపు ఆగి, గొంతు దగ్గర ఇరుక్కుని, బయటికి వచ్చేసరికి అడిగినవాళ్ళు వెళ్ళిపోయేవారు. ఆయ్ మాత్రం అలా కాదు. మామ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న మాట. ఆలోచించకుండా వచ్చేసేది. లోకంతో మాట్లాడ్డానికి ఆమె దగ్గర ఖర్చు లేకుండా ఉన్న మాట అదొక్కటే.

బడిలో ఆ మాట కూడా అవసరం పడేది కాదు. హాజరు పిలిస్తే పక్కనున్న పిల్ల "వచ్చిందండి" అనేసేది. అయితే ఆ ఏడు బడి తెరిచిన కొత్తల్లో ప్రార్థన దగ్గర వార్తలు చదివే వంతు నిఖితకి వచ్చింది. కాగితం పట్టుకుని నిలబడింది. గాలికి కాగితం కొట్టుకుంటోంది. బడి మొత్తం ఎండలో నిలబడి చూస్తోంది. మొదటి అక్షరం పెదవి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. చివరికి డ్రిల్లు మాస్టారు కాగితం తీసుకుని తనే చదివేశారు. ఆ రోజు నుంచి మగపిల్లలు ఆమెకి "మ్యూటు" అని పేరు పెట్టారు. ఆమె వరండాలో నడిచి వస్తుంటే ఎవడో ఒకడు గాలిలో రిమోటు నొక్కినట్టు బొటనవేలు ఆడించేవాడు.

ఈ సంగతి ఇశ్రాయేలు చెవిన పడిన వారానికి విజయవాడ దగ్గరి ఒక రెసిడెన్షియల్ స్కూలు మనిషి, టై కట్టుకుని, ఇంటికి వచ్చాడు. ఫోనులో వీడియో చూపించాడు. పెద్ద హాలు, వరసగా రెండంతస్తుల ఇనప మంచాలు, ఆ మంచాల మధ్య నిలబడి ఒక్క గొంతుతో గుడ్ మార్నింగ్ చెబుతున్న ఆడపిల్లలు.

"ఆరు నెలలు మాకు వదిలేయండి సార్. మీ పాపని యాంకర్ని చేసి పంపిస్తాం."

ఇశ్రాయేలు కళ్ళు మెరిశాయి. నిఖిత మాత్రం ఆ వీడియోలో మూలల కోసం వెతికింది. ఆ హాల్లో ఎక్కడా ఒక మూల లేదు. గోడ కనిపించిన ప్రతిచోటా మంచం, మంచం మీద మనిషి.

తల్లి రూతు ఆరోగ్య కేంద్రంలో ఏఎన్నెమ్. ఊరూరా తిరిగి పిల్లలకి సూదులు వేసి సాయంత్రానికి కాళ్ళు వాచిపోయి వచ్చేది. ఆ రోజు కాళ్ళు బకెట్టు నీళ్ళలో పెట్టుకుని నెమ్మదిగా అంది.

"ఏవండి, బళ్ళోకి అదేదో కళ్ళకి పెట్టే మిషను తెచ్చేరంట. మాట్లాడ్డానికి భయపడే పిల్లలకంట. అదొకసారి చూద్దారండి. దాంతో మార్పొస్తే పిల్ల ఇక్కడే ఉంటది కదా."

ఇశ్రాయేలు ఆలోచించాడు. "సరే. ఆ మేడంగారు మార్పుందంటే ఇక్కడే ఉంచుదాం. లేదంటే దసరా సెలవులవగానే నేనే బస్సెక్కిస్తాను. ఏమ్మా, ఒప్పుకున్నట్టేనా?"

"ఆయ్," అంది నిఖిత. అనేశాక గాని దేనికి ఒప్పుకుందో తెలియలేదు.

*

ఆ మిషను తెచ్చినామె పేరు లక్ష్మీప్రసన్న. ఏదో స్వచ్ఛంద సంస్థ తరఫున అమలాపురంలో గది తీసుకుని ఉంటూ, వీపు మీద సంచీతో బస్సుల్లో తిరిగి బళ్ళకి వెళ్ళేది. కర్నూలు పిల్ల. ఈ నీళ్ళూ ఈ ఉక్కా కొత్త. వచ్చి పట్టుమని నెల కాలేదు. సంచీలోంచి నల్లటి పెట్టెలాంటి దాన్ని తీసి గుడ్డతో తుడిచేది. దాన్ని కళ్ళకి పెట్టుకుని తల వెనక బెల్టు బిగిస్తే ఎదురుగా వేరే లోకం కనిపిస్తుంది. వీఆర్ అంటారు, వర్చువల్ రియాలిటీ అని ఆమె చెప్పింది. పిల్లలు మాత్రం "డబ్బా" అనేవారు.

"ఇది పరీక్ష కాదు," అని ప్రసన్న మొదటి రోజే చెప్పింది. "నిజం మనుషుల ముందు మాట్లాడాలంటే భయమేస్తుంది కదా. ముందు ఈ బొమ్మ మనుషులతో మాట్లాడి అలవాటు చేసుకుంటే, తరవాత నిజం మనుషులు కూడా అంత భయపెట్టరు. మొదట ఒక్క మాట చాలు. తరవాత పేరు. ఆ తరవాత ఊరు. అట్లా మెట్టు మెట్టుగా."

లైబ్రరీ గదిలో, బీరువాల మధ్య, నిఖిత కుర్చీలో కూర్చుని డబ్బా పెట్టుకుంది. పాత పుస్తకాల వాసన అలాగే ఉంది గాని గది మారిపోయింది. తెల్లటి గోడల తరగతి. మరక లేని బల్లలు. టైలు కట్టుకున్న పిల్లలు అందరూ ఒక్కసారే తలలు తిప్పి ఆమెని చూశారు, ఒక్కసారే రెప్పలు వేశారు. వాళ్ళలో ఎవరూ బొటనవేలు ఆడించలేదు. నిఖితకి కొంచెం ప్రాణం కుదుటపడింది. ఇలాంటి మనుషులైతే ఫరవాలేదనుకుంది.

బోర్డు దగ్గర నీలం చీర కట్టుకున్న టీచరు నవ్వింది.

"నమస్కారం. నువ్వు మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నావా?"

"ఆయ్," అంది నిఖిత.

టీచరు నవ్వు చెదరకుండా కాసేపు చూసింది.

"మీ సమాధానం వినిపించలేదు. దయచేసి మరోసారి చెప్పండి."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నిఖిత వింటున్న మాటే అది. వినిపించలేదు, గట్టిగా చెప్పు. టీచర్లు, బంధువులు, కిరాణా కొట్టు గణపతి, అందరూ అనేదే. అందుకని ఆమెకి ఆశ్చర్యమేమీ కలగలేదు. గొంతు పెంచింది. "ఆయ్."

"మీ సమాధానం వినిపించలేదు. దయచేసి మరోసారి చెప్పండి."

ఉన్న ఊపిరంతా కూడదీసుకుంది. "ఆయ్ అండి."

టీచరు తల ఒక పక్కకి వంచింది. "పరవాలేదు. మళ్ళీ కలుద్దాం." తరగతి చీకటైపోయింది.

ఆఖరి ఆయ్ ప్రసన్న చెవిన పడింది. ఆమె గబగబా వచ్చి, "అయ్యో, బెల్టు ఒత్తుకుంటోందా?" అంటూ వెనక పట్టీ వదులు చేసింది. ఆ తరవాత చేతిలోని ట్యాబ్ చూసుకుంది. పిల్లలు మాట్లాడితే అందులో ఆకుపచ్చ చుక్క పడుతుంది. నిఖిత పేరు పక్కన బూడిద రంగు చుక్క, కింద "స్పందన లేదు" అని ఉంది.

"పరవాలేదులే. భయమేసింటుంది. వచ్చే వారం మాట్లాడుదువు గాని, సరేనా?"

మాట్లాడాను మేడం, మూడుసార్లు మాట్లాడాను, అని నిఖిత కడుపులో మాట తయారైంది. అది గుండె దాకా వచ్చేలోపు ప్రసన్న దివ్యకి డబ్బా తొడిగేసింది.

దివ్య ఎనిమిదో తరగతి. నలుగురిలోకి వస్తే ఏడుపు ఆపుకోలేదు. అయినా ఇంగ్లీషు మీడియం నర్సరీలో చదివిన అలవాటు కొద్దీ, ముక్కు చీదుకుంటూనే "ఎస్ మేడమ్" అంది. వెంటనే ఆకుపచ్చ చుక్క పడింది. నాలుగు వారాలు తిరిగేసరికి దివ్య ఆ బొమ్మ పిల్లలకి తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఇంట్లో కుక్కపిల్ల సంగతి కూడా చెప్పింది. నిఖిత మొదటి మెట్టు దగ్గరే నిలబడి ఉంది.

ప్రతి వారం అదే తరగతి, అదే నీలం చీర, అదే ప్రశ్న. ప్రతి వారం బూడిద రంగు చుక్క. ఆమె ఆయ్ అన్నప్పుడల్లా ప్రసన్న పరుగెత్తుకొచ్చి బెల్టు ఇంకాస్త వదులు చేసేది. చివరికి డబ్బా ముక్కు మీదికి జారి, టీచరు మొహం పోయి బల్లల కాళ్ళు మాత్రం కనిపించేవి.

గొంతుదే లోపమని నిఖిత నమ్మేసింది. బడి నుంచి వస్తూ, కాలవగట్టు మీద ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, సైకిలు దిగి సాధన చేసేది. "ఆయ్." ఇంకొంచెం పైకి. "ఆయ్." ఒకరోజు గొంతు చీరుకుపోయేంత గట్టిగా అంది. చేలో కొంగలు ఒక్కసారిగా లేచి అవతలి గట్టున వాలాయి. అవతల గడ్డి కోసుకుంటున్న ముసలాయన తలెత్తి, "ఎవర్నమ్మా పిలుస్తున్నావు?" అని అడిగాడు. ఆమె సైకిలెక్కి వెనక్కి చూడకుండా తొక్కేసింది. కొంగలకి వినిపించింది, ముసలాయనకి వినిపించింది, ఆ టీచరుకి మాత్రం వినిపించడం లేదు. ఇంటికొచ్చి మామ్మ మంచం పక్కన నేల మీద పడుకుంది. అన్నం తినమంటే వద్దంది.

"ఈ వేళ ఆ మిషనులో మాట్లాడేవా?" అని ఇశ్రాయేలు డ్యూటీ నుంచి వచ్చీ రాగానే అడిగేవాడు.

"ఆయ్."

"శభాష్. ఏం మాట్లాడేవు?"

ఆయ్ అన్నాను అంటే అదీ ఒక మాటేనా అంటారని ఆమె భయం. ఆయన క్యారేజీ అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అలా ఉండగా ఒక శుక్రవారం ప్రసన్న ఇంటికి ఫోను చేసింది. శనివారం తల్లిదండ్రులు బడికి రావాలని, పిల్లల ప్రగతి చూపిస్తానని చెప్పింది. నిఖిత సంగతి అడిగితే మొహమాటపడుతూ, "ఇంకా స్పందన మొదలవ్వలేదు సార్. ఒక్క మాట కూడా రాలేదు," అంది.

ఇశ్రాయేలు ఫోను బల్ల మీద పెట్టాడు. కేకలు వేయలేదు. ఆయన కేకలు వేస్తే ఎవరికీ భయముండేది కాదు, అది ఆయన మామూలు గొంతే. మెల్లగా మాట్లాడినప్పుడే భయం.

"మాట్లాడేనన్నావు కదమ్మా ప్రతి వారం. నాతో అబద్ధవాడేవన్నమాట."

నిఖిత వెళ్ళి మామ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"సోమవారం లోపల సీటు సంగతి చెప్పమని ఆ విజయవాడ ఆయన రోజూ ఫోను చేస్తున్నాడు. రేపు ఆ మేడంగారితో మాట్లాడి, సరే అనేస్తాను."

రూతు తలుపు దగ్గర నుంచి లోపలికి వెళ్ళి పక్కలు వేసింది. ఆ పూట ఆవిడ కూడా అలిసిపోయి ఉంది.

*

శనివారం మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. డిజిటల్ బోర్డు ఉన్న గదిలో బెంచీల మీద తల్లిదండ్రులు పదిమందికి మించి లేరు. హెడ్మాస్టరు బంగారరాజుగారు గొడుగు విదిలించి గుమ్మం పక్కన పెట్టారు. ఇశ్రాయేలు ఖాకీ బట్టలతోనే డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడు. రూతుకి ఏదో ఊళ్ళో టీకాలు. నిఖిత అందరికంటే వెనక, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

ప్రసన్న ట్యాబ్‌ని బోర్డుకి కలిపింది. దివ్య పేరు పక్కన చుక్కలన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. దివ్య వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తరవాత నిఖిత పేరు వచ్చింది. వరసగా బూడిద రంగు. గదిలో అందరూ వెనక్కి తిరిగి చూశారు, ఆ డబ్బాలో పిల్లల్లాగే, ఒక్కసారే.

ఇశ్రాయేలు లేచాడు. "మేడంగారండి, ఆ టీచరు పిల్లల్ని ఎలా అడుగుద్దండి? కసురుకుంటదాండి?"

"లేదు సార్, చాలా మెత్తగా అడుగుతుంది. మీరే పెట్టుకుని చూడండి, పిల్లలకి ఏం కనిపిస్తుందో తెలుస్తుంది."

"నాకెందుకండి."

"పెట్టుకోండి ఇశ్రాయేలు గారూ," అన్నారు బంగారరాజుగారు. "టిక్కెట్టు లేని ప్రయాణం."

అందరూ నవ్వారు. ఇశ్రాయేలు కూడా నవ్వుతూ కూర్చున్నాడు. ప్రసన్న డబ్బా తొడిగి బెల్టు బిగించింది. ఆయన కళ్ళ ముందు కనిపించేదే బోర్డు మీద అందరికీ కనిపిస్తోంది. తెల్లటి గోడలు, టైలు కట్టుకున్న పిల్లలు, నీలం చీర. టీచరు ఆయన వైపు తిరిగింది. ఇశ్రాయేలు నవ్వు ఆగిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చొక్కా పై బొత్తం పెట్టుకున్నాడు. ఆ తరవాత ఆయన చేతులు, వాటంతట అవే, గుండెల మీదికి వచ్చి కట్టుకున్నాయి.

"నమస్కారం. నువ్వు మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నావా?"

"ఆయ్," అన్నాడు ఇశ్రాయేలు.

"మీ సమాధానం వినిపించలేదు. దయచేసి మరోసారి చెప్పండి."

"ఆయ్ అండి." ఈసారి బస్సు కాంప్లెక్సులో వేసే గొంతు. కిటికీ రెక్క అదిరింది. బోర్డు మీద బూడిద రంగు చుక్క పడింది. స్పందన లేదు.

"అదేంటండోయ్," అన్నారు బంగారరాజుగారు. "బస్సులో అయితే పక్క ఊరిదాకా వినపడతారు, బళ్ళో వినపడరా?"

గది గొల్లుమంది. ప్రసన్న కంగారుగా వచ్చి, "బెల్టు నొప్పిగా ఉందా సార్?" అని వెనక పట్టీ వదులు చేసింది.

"ఆయ్, అబ్బే, లేదండి," అన్నాడు ఇశ్రాయేలు.

వెనక గోడకి ఆనుకున్న నిఖిత మాత్రం నవ్వలేదు. కిటికీ రెక్క వైపు చూస్తోంది. నాన్నగారి గొంతుకి అది ఇంకా సన్నగా వణుకుతోంది. అంత గొంతూ వినిపించలేదా. అంటే గొంతు సంగతి కాదు. ఎప్పుడూ గొంతు సంగతి కాదు. కాలవగట్టు మీద చీరుకుపోయిన గొంతూ, తినకుండా పడుకున్న పూటలూ, అన్నీ దేనికి? ఆ మిషనుకి ఆ మాట రాదు. అంతే.

ఆమెకి కోపం రావలసింది. రాలేదు. ఒళ్ళంతా నీరసం వచ్చింది. ఆ నీరసంలో భయం కూడా ఎక్కడో జారిపోయింది. గోడ వదిలి, బెంచీల మధ్య నుంచి నడిచి ప్రసన్న దగ్గరికి వెళ్ళింది. ఆమె ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, అంతకంటే ఒక్క పిసరు పెంచకుండా అంది.

"మేడం, దానికి ఆయ్ తెలీదండి."

"ఏం తెలీదూ?"

"ఆయ్ అంటే... అవును అని."

ప్రసన్న చేతులు ఆయన తల వెనక బెల్టు మీదే ఆగిపోయాయి. నిఖిత మొహం చూసింది. బోర్డు చూసింది.

"నొప్పి కాదా అది?" అంది మెల్లగా. "నేను బెల్టు... అయ్యో. ఇక్కడ బస్సుల్లో, కొట్లల్లో అందరూ ఆయ్ అంటుంటే, నా మాట వినబడక 'ఏమిటి' అని అడుగుతున్నారనుకుని మళ్ళీ మళ్ళీ చెప్పేదాన్ని."

"మరేనండి," అన్నారు బంగారరాజుగారు. "మీరు ప్రతిదీ రెండేసిసార్లు చెబుతుంటే, కర్నూలు వైపు మర్యాదేమో అనుకున్నానండి నేను."

డబ్బాలో ఉన్న ఇశ్రాయేలు ధ్యాస ఈ మాటల మీద లేదు. నీలం చీర టీచరు ఎదుట చేతులు కట్టుకుని మూడోసారి అడగడం కోసం ఎదురు చూస్తున్నాడు. నిఖిత ఆయన మోచెయ్యి తాకింది.

"నాన్నగారూ, అవును అనండి."

"ఆ?"

"ఆయ్ కాదండి. అవును."

"టీచరుగారిని పట్టుకుని ఉత్తి అవునేంటమ్మా, బాగోదు," అని గొణిగి, ఆ తరవాత మొహమాటంగా, తగ్గు గొంతుతో, "అవును... అండి," అన్నాడు.

ఆకుపచ్చ చుక్క పడింది. టీచరు మొహం వెలిగిపోయింది. "చాలా బాగా చెప్పావు. ఇప్పుడు నీ పేరు చెప్పు."

ఇశ్రాయేలు తన పేరు చెప్పలేదు. డబ్బా తీసి ప్రసన్న చేతిలో పెట్టాడు. అప్పుడు చూసుకున్నాడు, తన చేయి ఒకటి ఇంకా గుండెల మీదే ఉంది. దాన్ని కిందికి దించి, ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

ఆ మిషను తయారు చేసినవాళ్ళకి రాస్తానని ప్రసన్న చెప్పింది. వాళ్ళు సరిచేయడానికి నెలలు పట్టొచ్చు. పడిపోయిన చుక్కల్ని మార్చడం తన చేతిలో లేదని, అవి అలాగే ఉంటాయని కూడా చెప్పింది. "క్షమించు నిఖితా. నువ్వు మొదటి రోజే మాట్లాడావు," అంది. నిఖిత తల ఊపింది. వెళ్ళి ఎక్కడైనా కూర్చోవాలని ఉంది ఆమెకి.

*

వాన తెరిపి ఇచ్చాక బయలుదేరారు. సైకిలు బడిలోనే వదిలేసి నాన్నగారి బండి వెనక కూర్చుంది. ఆయన గుంతల్లో నీళ్ళు తప్పించుకుంటూ నడుపుతున్నాడు.

"అన్ని వారాలూ అన్నావా?"

"ఆయ్."

"గట్టిగానే అన్నావా?"

"ఆయ్."

వంతెన దగ్గర పడుతుండగా జేబులో ఫోను మోగింది. బండి పక్కకి ఆపి చూసుకున్నాడు. విజయవాడ స్కూలు మనిషి. ఇశ్రాయేలు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆయ్, చెప్పండి... ఆయ్, గుర్తుందండి... సోమవారం అనే కదండి... లేదండి, అదే, ఇంకా..." ఆయన గొంతు ఎందుకో పైకి లేవడం లేదు. నిఖిత వైపు చూశాడు. "అమ్మాయిని అడగాలండి. అడగలేదండి నేను. ఆయ్, పక్కనే ఉంది. ఇదుగో, మీరే అడగండి."

ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"హలో పాపా, బాగున్నావా? చూడమ్మా, ఇక్కడ అందరూ నీలాంటి పిల్లలే. చక్కగా మాట్లాడటం నేర్పిస్తాం. దసరా అయ్యాక వచ్చేస్తావు కదమ్మా?"

పెద్ద గొంతు, చనువుగా, నవ్వుతూ అడిగింది. దానికి జవాబు ఆమె నాలుక మీద అప్పటికే సిద్ధంగా ఉంది. ఖర్చు లేని మాట. ఆలోచించకుండా వచ్చేసే మాట. పుట్టినప్పటి నుంచీ పెద్దవాళ్ళు ఏం అడిగినా చెప్పిన మాట. నిఖిత నోరు సగం తెరిచి, ఆ మాటని పళ్ళ వెనక పట్టుకుంది. ఆ మాటకి ఒప్పుకోవడం తప్ప ఇంకేమీ చేతకాదని మొదటిసారి తెలిసింది ఆమెకి. కాదనడానికి తన దగ్గర ఏముందా అని వెతుక్కుంది. చాలాసేపు పట్టింది. అవతల ఆయన "హలో, హలో" అంటున్నాడు. వంతెన మీద కొబ్బరికాయల లారీ ఒకటి పోయింది.

"రానండి," అంది.

"ఏంటమ్మా? వినిపించలేదు."

కింద కాలవలో గుర్రపుడెక్క మెల్లగా కొట్టుకుపోతోంది. నిఖిత గొంతు పెంచలేదు.

"రానండి," అంది మళ్ళీ, అంతే గొంతుతో.

"నాన్నగారికి ఇవ్వమ్మా."

ఇశ్రాయేలు ఫోను తీసుకున్నాడు. "విన్నారు కదండి... లేదండి, సిగ్నలు బాగానే ఉందండి. నాకు వినపడిందండి." పెట్టేశాడు. ఫోను చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు. ఆమె వంతెన పిట్టగోడకి ఆనుకుని ఉంది. మొహం చూస్తే పొలం నుంచి వచ్చిన మనిషిలా ఉంది. ఆయనకి తన తల్లి సాయంత్రాలు అలా వచ్చి గుమ్మంలో కూర్చోవడం గుర్తొచ్చింది. బండి తన్నాడు. తడిసిపోయి వెంటనే అందుకోలేదు. మళ్ళీ తన్నాడు.

"ఎక్కమ్మా. ఇంటికెళ్ళి పడుకుందువు గాని. ఎవరూ లేపరులే."

"ఆయ్," అంది నిఖిత. ఎక్కి కూర్చుని, తడి ఖాకీ చొక్కా మీద నుదురు ఆనించింది.